తోక చూపిస్తేనే టీ

జల్లు జల్లు వానమ్మా, చిలక రెక్క తడిపావా,
తడిసిన చిలక ఏమాయె, ఏడు కడళ్ళు దాటిపోయె,
దాటిపోయి ఏం తిన్నాదీ...

ఆ తరువాత ఇంకో మాట ఉండేది. నాట్లు వేస్తూ పాడుకునేవాళ్ళం. నడుం వంచి పాడిన పాట, కుర్చీలో కూర్చుంటే గుర్తు రావడం లేదు. చిలక ఏం తిన్నదో తెలియక ప్రాణం కొట్టుకుపోయి, మా మునగచెట్టు మీద వాలిన రామచిలకనే అడిగాను.

అది నిజంగానే కడలి దాటి వచ్చిన చిలక. దాని ముత్తాతని ఎవరో దొర పంజరంలో పెట్టి ఓడ ఎక్కించాడట. అక్కడికి వెళ్ళాక పంజరం తలుపు సరిగా పడలేదు. దాంతో వాళ్ళ వంశమంతా లండన్ పక్కన ఒక అడవిలో కాపురం పెట్టేసింది.

"ఏం తిన్నామని చెప్పను అవ్వా, దురదగొండి ఆకు టీ తాగి బతికాం," అంది చిలక. ఆ టీ దగ్గర మొదలైందే ఈ కథ.

అక్కడ ఒక పెద్ద అడవి ఉంది. ఏ నెలలో చూసినా సన్నగా జల్లు పడుతూనే ఉంటుంది. మన దగ్గర జంతువులు ఎదురుపడితే "తిన్నావా" అని అడుగుతాయి కదా, అక్కడ "ఏం జల్లండీ" అంటుంది ఒకటి. "మరీ విడ్డూరం జల్లండీ" అంటుంది రెండోది. ఇద్దరికీ కడుపు నిండిపోతుంది. పొరపాటున ఎండ కాసిందా, మాట్లాడుకోవడానికి ఏమీ లేక ఎవరి పొదలోకి వాళ్ళు తప్పుకుంటారు.

జల్లు అయిపోతే దారిలో గుంతల గురించి గొణుగుతారు. గుంతలు అయిపోతే గాడిద బండి గురించి. అది ఎంతసేపు చూసినా ఒక్కటీ రాదట, వస్తే మూడు కలిసి వస్తాయట. కొంగ డాక్టరుగారి దగ్గర వంతు దొరికేలోగా జ్వరం విసిగిపోయి తనే తగ్గిపోతుందట.

గొణుగుడు ఒక అలవాటైతే, వరుస ఇంకొకటి. ఇద్దరు ఒకచోట ఆగితే చాలు, అది వరుసే. ఒకనాడు కుందేలు కాల్లో ముల్లు తీసుకోవడానికి దారి పక్కన ఆగింది. తలెత్తి చూస్తే వెనక బారెడు వరుస. ఎందుకు నిలబడ్డారని అడిగితే, ముందు మీరు నిలబడ్డారు కదండీ అన్నారట.

ఆ వరుసకి ఒక మర్యాద ఉంది. ఎవరైనా మధ్యలో దూరితే మిగతావాళ్ళు దగ్గుతారు, ఆకాశం వంక చూస్తారు, పక్కవాళ్ళ చెవిలో గొణుగుతారు. దూరినవాణ్ణి మాత్రం పల్లెత్తు మాట అనరు. ఎందుకంటే "నువ్వు వెనక్కి వెళ్ళు" అన్నది ఆ అడవిలో అన్నిటికంటే పెద్ద మాట. ఆ మాట ముఖం మీద పడితే సింహమైనా తలదించుకుని వెనక్కి వెళ్ళి తీరాలి. అంత పెద్ద మాట కాబట్టే దాన్ని ఎవరూ వాడరు. అన్నవాళ్ళని చూసినవాళ్ళు కూడా అడవిలో ఎవరూ మిగల్లేదు.

ఇక టీ సంగతి. చెరువు గట్టున బాతమ్మ టీ అంగడి పెట్టుకుంది. గిన్నెడు టీకి ఒక గింజ. గింజలన్నీ ఒక చిప్పలో వేసుకునేది. ఒక పొద్దున నక్క వచ్చింది. వరుసలో నిలబడింది. తన వంతు రాగానే, "ఏం జల్లండీ," అని, చిప్ప ఎత్తుకుని వెళ్ళిపోయింది. వెనకవాళ్ళు ఒక్క అడుగు ముందుకు జరిగారు.

బాతమ్మ ఏడుస్తూ గుడ్లగూబ జవాను దగ్గరికి పోయింది. పగటి పూట ఆయనకి నిద్ర. ఒక కన్ను తెరిచి, జరిగిందంతా విని, నీ కేసుకి ఒక నంబరు ఇస్తున్నాను, జాగ్రత్తగా దాచుకో అని చెప్పి కన్ను మూసుకున్నాడు. నంబరుతో ఏం చేసుకోవాలని ఆమె అడిగింది. దొంగ దొరికితే ఆ దొంగకే చూపించమన్నాడు.

అడవి సభ కూడింది. అధ్యక్షుడు నెమలి. మాట్లాడే ముందు తోక విప్పుతాడు, మాట్లాడాక విప్పుతాడు, మాట తోచనప్పుడు మధ్యలో కూడా విప్పుతాడు. దొంగని పట్టుకోవాలా, గింజల్ని కాపాడాలా అని ఆలోచించి, ఆయన మూడోదారి కనిపెట్టాడు.

"అసలు ఎవరి చేతిలోనూ గింజ లేకపోతే దొంగ ఏం ఎత్తుకుపోతాడు?" అన్నాడు. "ఇకనుంచి అందరి సొత్తూ ఉడత తొర్రలో ఉంటుంది. ఏం కావాలన్నా తోక చూపించండి, చాలు. భగవంతుడు ఊరికే ఇచ్చాడా తోక?" అని తనది విప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తోక చూస్తే ఎవరికైనా కొట్టాలనిపిస్తుందట.

అప్పటిదాకా సొత్తు దాచుకోవడానికి చెట్టుకో తొర్ర ఉండేది. ప్రజల సౌకర్యం కోసం అవన్నీ మూసేసి, కొండ మీద ఉడతది ఒక్కటి ఉంచారు. ఆ తొర్ర గుమ్మానికో మిణుగురు, ప్రతి అంగడికో మిణుగురు. తోక తాకిస్తే మిణుగురు పచ్చగా వెలుగుతుంది. వెలిగితే నువ్వు నువ్వే. వెలగకపోతే నువ్వు ఎవరో.

తోకలేని కప్పలు మా సంగతేమిటని అడిగితే, వారి విన్నపం పరిశీలనలో ఉందన్నారు. చిలక వచ్చేసేనాటికి కూడా పరిశీలనలోనే ఉందట.

పాపం బాతమ్మ నాతో ఈ మాట చెప్పుకుని వాపోయిందవ్వా అని చిలక చెప్పింది. ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళ ముఖం చూసి, పిల్లలు బాగున్నారా, దగ్గు తగ్గిందా అని పలకరించేదట. ఇప్పుడు ఒక్కొక్కరూ వచ్చి వెనక్కి తిరిగి నిలబడుతుంటే ఎవర్ని ఏమని పలకరించాలో తెలియడం లేదట. కుందేలుకైతే తోక మరీ చిన్నది, మిణుగురు మీద కూర్చోవలసి వచ్చేది. కూర్చున్న ప్రతిసారీ "క్షమించాలి" అనేది కుందేలు. "ఫరవాలేదు" అనేది కింద నుంచి మిణుగురు.

దొంగతనాలు ఆగాయి. నక్క పస్తులు పడింది. ఆకలితో ఒకనాడు రాతిగోడ మీద కూర్చుని నోరంతా తెరిచి ఆవలించింది.

ఆ గోడ సందులోనే బల్లమ్మ కాపురం. ఒంటరిది, వయసు మళ్ళింది. కళ్ళ ముందు అంత నోరు చూసేసరికి గుండె జారి, తోక రాలిపోయింది. మన ఇళ్ళలో చూస్తుంటాం కదా, బల్లి పారిపోతుంది, తోక అక్కడే ఎగురుతూ ఉంటుంది.

నక్క ఆ ఎగిరే తోకని కాసేపు వింతగా చూసింది. తరువాత నోట కరుచుకుని బాతమ్మ అంగడికి వెళ్ళింది. తాకించింది. మిణుగురు పచ్చగా వెలిగి, "స్వాగతం బల్లమ్మగారూ" అంది.

బాతమ్మ నక్క ముఖం చూసింది. మిణుగురు వెలుగు చూసింది. వెలిగాక కాదనే అధికారం ఆమెకి లేదు. "చక్కెర వేయమంటారా బల్లమ్మగారూ?" అని అడిగింది. రెండు చెంచాలు వేయమంది నక్క.

బల్లమ్మకి తోక పోయినందుకు బెంగలేదు, అది మళ్ళీ మొలుస్తుంది. బెంగంతా పరుపు గురించి. బల్లులది చల్లనెత్తురు జాతి. నేల మీద మంచు పేరుకునేలోగా గొర్రెబొచ్చు పరుపులో దూరి ముడుచుకోవాలి, లేకపోతే రాయిలా బిగుసుకుపోతుంది. మళ్ళీ వసంతం చూడదు. ఆ పరుపు అందరి సొత్తుతో పాటు ఉడత తొర్రలో ఉంది.

కొండెక్కి తొర్ర దగ్గరికి వెళ్ళింది. అప్పుడే మొలుస్తున్న మొండితోక తాకించింది. మిణుగురు వెలగలేదు.

"నేనే నాయనా, బల్లమ్మని. నా ముఖం చూడు," అంది.

"ముఖాలు చూడటం మా పని కాదమ్మా," అంది మిణుగురు.

జవాను గుడ్లగూబ ఆమెకీ ఒక నంబరు ఇచ్చాడు. అక్కడి నుంచి ఫిర్యాదుల పొద దగ్గరికి వెళ్ళింది. అక్కడ గోరింక ఉద్యోగం. ఒకరు నేర్పిన మాటని వాళ్ళ గొంతుతోనే తు చ తప్పకుండా అనడంలో గోరింకని మించినవాళ్ళు లేరు.

"మీ గోడు మాకు ఎంతో ముఖ్యం. తోక పోయినట్టయితే, ఆ సంగతి తెలియజేయడానికి మీ తోక ఇక్కడ తాకించండి," అంది గోరింక.

"ఆ తోకే పోయింది తల్లీ."

"మీ గోడు మాకు ఎంతో ముఖ్యం," అంది గోరింక, అంతే తీయగా.

మిగిలిన దారి ఒక్కటే. శనివారం పొద్దున ఉడత స్వయంగా గుమ్మంలో కూర్చుంటాడు. ఆ శనివారం బల్లమ్మ తెల్లారకముందే వెళ్ళినా అప్పటికే పెద్ద వరుస. వెనక బాతమ్మ వచ్చి నిలబడింది. కాసేపు జల్లు గురించి మాట్లాడుకున్నాక బల్లమ్మ ఎందుకో ముందుకు చూసింది. కుందేలుకి అవతల నక్క ఉంది. నక్క చేతిలో ఆమె తోక ఉంది. ఇంకా సన్నగా కదులుతోంది కూడా.

"వదినా," అంది మెల్లగా, "అది నా తోకే."

"చూస్తూనే ఉన్నాను," అంది బాతమ్మ. "అంగడికి రోజూ తెస్తాడు. ఏం రోజులమ్మా ఇవి."

"ఇప్పుడెలా?"

"ఎలా ఏముంది, వాడి వంతు ముందు. వరుస తప్పితే మనకీ వాడికీ తేడా ఏముంటుంది చెప్పు."

కుందేలు కూడా వెనక్కి తిరిగి, ఇది చాలా అన్యాయమండీ, నేనైతే ఊరుకోను అని గుసగుసగా చెప్పి, మళ్ళీ ముందుకు తిరిగి ఊరుకుంది. వరుస మొత్తం నక్క గురించే గొణిగింది. నక్క కూడా గొణిగింది, ఉడత మరీ నిదానమని.

నక్క వంతు వచ్చింది. మిణుగురు వెలిగింది. బల్లమ్మగారి గింజలన్నీ మూటగట్టి ఇచ్చాక, పరుపు కూడా ఇవ్వమంటారా అని ఉడత అడిగాడు. ఇప్పుడు రెండు చేతులూ ఖాళీ లేవు, చలి కూడా ముదరలేదు, వచ్చే శనివారం పట్టుకెళ్తానంది నక్క. పోతూ పోతూ బల్లమ్మ పక్కన ఆగి, "మిమ్మల్ని ఇంతసేపు నిలబెట్టాను, ఏమీ అనుకోకండి," అని కూడా అంది. బల్లమ్మ అలవాటు కొద్దీ "ఫరవాలేదండీ," అనేసింది.

ఆమె గుమ్మం చేరేసరికి ఉడత తొర్ర మూసేశాడు. మిగతావాళ్ళు వచ్చే శనివారం రండి అన్నాడు.

ఆ వారమంతా గాలి ఉత్తరం నుంచి వీచింది. గడ్డి కొసలు పొద్దున్నే తెల్లబడ్డాయి. బల్లమ్మ కాళ్ళు ఒకదాని తరువాత ఒకటి మొద్దుబారుతూ వచ్చాయి. శనివారం రాత్రికి మంచు ఖాయమని కొంగ డాక్టరుగారు చెప్పారు, అది కూడా వేరే ఎవరితోనో చెబుతుంటే వినబడింది.

ఇక్కడ నెమలి సంగతి ఒకటి చెప్పాలి. ఏటా ఒకసారి నెమలికి తోక ఊడిపోతుంది. మళ్ళీ మొలిచేదాకా, విశ్రాంతికి వెళ్తున్నానని చెప్పి ఆయన ఒక పొదలో దాక్కునేవాడు. ఈసారి తోకల పథకం విజయోత్సవాల్లో తిరుగుతూ ఆ సంగతే మరిచిపోయాడు. శనివారం పొద్దున కొండ మీద ప్రసంగానికి బయలుదేరి, దారిలో ఒక్కసారి ఒళ్ళు విదిలించుకున్నాడు. అంతే. ఈకలన్నీ గాలికి లేచాయి. వెనక్కి చూసుకుంటే తన వెనక ఏమీ లేదు.

కంగారుగా తొర్ర దగ్గరికి పరుగెత్తి, ఉన్నదేదో మిణుగురుకి తాకించాడు. వెలగలేదు.

"నేనెవరో తెలుసా?" అన్నాడు నెమలి.

"తెలియదండీ. అందుకే వెలగలేదు," అంది మిణుగురు.

ఉడతకీ అనుమానమే. తోక లేకుండా చూస్తే ఆయన కాస్త లావుపాటి కోడిలా ఉన్నాడు. వరుసలో రమ్మన్నాడు. అధ్యక్షుడు వెళ్ళి, అప్పటికే వరుసలో ఉన్న బల్లమ్మ వెనక నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన వరుసలో నిలబడటం అదే మొదలు. కాసేపటికి జల్లు మొదలైంది. మెడ మీద నుంచి నీళ్ళు కారాయి. "ఏం జల్లండీ," అన్నాడు నెమలి, అప్పుడే మాటలు నేర్చిన పిల్లాడిలా.

"మరీ విడ్డూరం జల్లండీ," అంది బల్లమ్మ, పళ్ళు కొట్టుకుంటుండగా.

జల్లుతో పాటు గాలికి ఈకలు కూడా వచ్చి వరుస మీద పడ్డాయి. తల తడవకుండా కుందేలు ఒకటి పట్టుకుంది. బాతమ్మ ఒకటి. ఎదురుగుండా గొడుగు దొరికితే ఎవరు వదులుతారు, వరుస మొత్తం తలా ఒక ఈక పట్టుకుని నిలబడింది. బల్లమ్మ ఒక్కతే చిన్నది, ఆమెకి ఈక బరువు ఆగలేదు. ఊడిన తన ఈకని తనే ఏరుకోవడానికి నెమలికి నామోషీ.

కుందేలు గుమ్మం చేరగానే ఈక కొస మిణుగురుకి తగిలింది. మిణుగురు పచ్చగా, నీలంగా, బంగారంగా వెలిగి, "అధ్యక్షులవారికి జయం" అంది. ఉడత లేచి నిలబడ్డాడు. ఏం కావాలన్నా ఇమ్మనే హక్కు అధ్యక్షులవారికి మాత్రమే ఉంది. కుందేలు భయం భయంగా తన కారెట్లు అడిగింది, తీసుకుంది, వెళ్ళింది. తరువాతి వాళ్ళూ అధ్యక్షులే. ఆ వెనకవాళ్ళూ అధ్యక్షులే. ఉడత లేచి కూర్చుని, లేచి కూర్చుని, చివరికి లేచే ఉండిపోయాడు. ఇంతమంది అధ్యక్షుల్లో అధ్యక్షుడు కానివాడు అసలు అధ్యక్షుడొక్కడే, అంతే.

నక్క చేతిలో కూడా ఈక ఉంది. బల్లమ్మకి సరిగ్గా ముందు నిలబడింది. గుమ్మం చేరి, గొర్రెబొచ్చు పరుపు ఇమ్మంది. ఉడత లోపలికి వెళ్ళి పరుపు తెచ్చి బయట పెట్టాడు. తెల్లగా, పొంగి, వెచ్చగా ఉంది. బల్లమ్మ వెనక కాళ్ళు అప్పటికే పలకడం మానేశాయి. ఇంకో ఘడియ పోతే ముందు కాళ్ళు కూడా.

వరుస దగ్గింది. ఆకాశం వంక చూసింది. బాతమ్మ నెమలితో, ఏం రోజులండీ అంది. నెమలి, పైవాళ్ళు ఏం చేస్తున్నారో అన్నాడు.

బల్లమ్మ బాతమ్మ వైపు తిరగలేదు. నెమలి వైపు తిరగలేదు. నక్క ముఖంలోకి చూసింది.

"నక్కబావా," అంది, "అది నా పరుపు. నువ్వు వెనక్కి వెళ్ళు."

నక్క చెవులు వాలిపోయాయి. గుడ్లగూబ జవాను పట్టపగలు రెండు కళ్ళూ తెరిచాడట. నక్క పరుపు అక్కడే వదిలి, ఈక దించి, తలదించుకుని, ఒక్కొక్కరికీ "క్షమించాలి" అని చెప్పుకుంటూ వరుస చివరికి నడిచింది. వెళ్ళి అక్కడే నిలబడింది.

ఉడత తోక అడగబోయి, ఎందుకో ఆమె ముఖం చూశాడు. అడగలేదు. బాతమ్మ బల్లమ్మని పరుపులో చుట్టి, రెక్క కింద పెట్టుకుని, గోడ దాకా మోసుకెళ్ళి సందులో పెట్టి వచ్చింది. ఆ రాత్రి మంచు పడింది. బల్లమ్మ గుర్రు పెట్టి నిద్రపోయింది.

వరుస మాత్రం కొండ మీదే చాలాసేపు నిలబడిపోయింది. చివర నిలబడ్డ నక్క ముందున్న వాళ్ళతో, "కాలం ఎంత మారిపోయిందండీ, మరీ అంత మాట ముఖం మీదే," అంది. అవునవునన్నారు అందరూ. పెద్దావిడే గాని మర్యాద తెలియదు పాపం అన్నాడు నెమలి. నిన్నటి దాకా నేను వదినా అని పిలిచిన మనిషేనా అనిపించిందంది బాతమ్మ. ఆ చలికాలమంతా అడవి గొణిగింది నక్క గురించి కాదు, బల్లమ్మ నోటి దురుసు గురించి. ఆమె హాయిగా నిద్రలో ఉంది కాబట్టి వినలేదు.

తోకల పథకం ఎత్తేశారు. అధ్యక్షులు అంతమంది అయ్యాక సభలో కూర్చోవడానికి జనం మిగల్లేదు మరి. బాతమ్మ చిప్ప మళ్ళీ బయటికి వచ్చింది. ముఖాలు మళ్ళీ ఇటు తిరిగాయి.

వసంతానికి నెమలికి కొత్త తోక వచ్చింది. విప్పి, కొత్త పథకం చెప్పాడు. ఈసారి తోక అక్కర్లేదు, గొంతు వినిపిస్తే చాలు, తొర్ర తెరుచుకుంటుంది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది గోరింక.

కథ అయ్యాక చిలక రెక్కలు విదిలించుకుంది. మా మునగచెట్టు మీద అంత ఎండ కాస్తుంటే దానికి ఎందుకో బెరుకుగా ఉన్నట్టుంది. మళ్ళీ వస్తావా అంటే, ఇక రానంది. అక్కడ ఏదో వరుసలో చోటు పెట్టి వచ్చిందట. పోనీ ఇంత కథ విన్నాను, ఇందులో నీతి ఏమిటో చెప్పి పొమ్మన్నాను. ఎగరబోతూ కొమ్మ కొసన ఆగి, అది నాతో అన్న ఆఖరి మాట ఇది:

"దొంగని తప్ప అందరినీ తిట్టుకుంటూ ఓపిగ్గా నిలబడితే, ఎవరి వంతు వాళ్ళకి ఎప్పటికైనా వస్తుందవ్వా."